గంట మోగితే చాలదు, పలికేవాడుండాలి

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మన విశాఖ పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. ఆ నంబరు రేడియోలో చెబుతారు, టీవీలో చెబుతారు. మూడో నంబరుకీ పదో నంబరుకీ తేడా తెలియని వాళ్లు కూడా ఆ మాట వినగానే ఒకసారి ఆకాశం వంక చూస్తారు. జాలరి పేటల్లో తెప్పలు ఒడ్డుకు లాగుతారు. 1974లో మన విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం పెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. మా ఊళ్లో కొబ్బరి చెట్లు పడిపోయాయి, పశువుల పాకలు లేచిపోయాయి. మనుషులం మాత్రం ముందే చెప్పబట్టి బడి భవనంలో తలదాచుకుని బతికాం.

సముద్రం మీద గాలి తిరిగితే రోజుల ముందు చెప్పగలుగుతున్నాం. మరి మనిషి మనసులో గాలి తిరిగితే? దానికి సూచిక ఎవరు ఎగరేస్తారు? ఎగరేసినా చూసేదెవరు? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు, నేనుంటున్న ఇంట్లోంచి వచ్చింది. అందుకే ఈ వ్యాసంలో శాస్త్రం కొంత, ఇంటి సంగతి కొంత కలిసిపోతే విజ్ఞులైన అధ్యాపకులు మన్నించాలి.

మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. రెండెకరాల వరి, కొంచెం నువ్వు చేను. డిగ్రీ చదువుకని వచ్చి మల్కాపురంలో మా మేనమామ ఇంట్లో ఉంటున్నాను. మల్కాపురం చూడని మిత్రుల కోసం నాలుగు మాటలు. ఒకవైపు ఓడల కర్మాగారం, ఒకవైపు చమురు శుద్ధి కర్మాగారం, మధ్యలో మా ఇళ్లు. 1941లో సింధియా కంపెనీ వాళ్లు మొదలుపెట్టిన ఆ కర్మాగారం నుంచే 1948లో ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది. 1957లో కాల్టెక్స్ వాళ్ల రిఫైనరీ వచ్చింది; అదే నేటి హెచ్.పి.సి.ఎల్. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన వాళ్లతో ఈ పేటలు నిండాయి. ఇక్కడ జనం గడియారం చూడనక్కర్లేదు, షిఫ్టులే గడియారం. రాత్రి కిటికీ తెరిస్తే రిఫైనరీ గొట్టం చివర మంట కనపడుతుంది.

మా మావయ్య కాంట్రాక్టు వెల్డరు. వయసు నలభై లోపే. తొమ్మిదేళ్ల కిందట ఆయనకు మొదటిసారి జబ్బు చేసింది. ఎవరూ లేకుండానే మాటలు వినపడ్డాయి. తోటి పనివాళ్లు తన మీద కుట్ర పన్నుతున్నారనుకున్నాడు. ఊళ్లో తాయెత్తులు కట్టించారు, దిష్టి తీయించారు, ఆ తరువాత గానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. డాక్టరు దాన్ని స్కిజోఫ్రీనియా అన్నారు. సైకోసిస్ అనే జబ్బుల జాతిలో అది ఒకటి. మందులు పడ్డాయి, మనిషి కోలుకున్నాడు, మళ్లీ టార్చి పట్టాడు. నాలుగేళ్లకు ఒకసారి తిరగబెట్టింది. నేను ఇంట్లో ఉండగానే, నా డిగ్రీ మొదటి సంవత్సరంలో, ఇంకోసారి తిరగబెట్టింది.

ఆ మూడోసారి సంగతే చెప్పాలి. ఆసుపత్రిలో చేర్చిన రాత్రి వరండాలో కూచుని అత్తా, నేనూ, మావయ్యతో పనిచేసే ఒకాయనా మాట్లాడుకున్నాం. అత్త అంది, “పదిహేను రోజుల్నించీ చేపలు ముట్టట్లేదు. కేరేజీ నాను కడిగినా మళ్లీ కడుగుతన్నాడు.” నేనన్నాను, సి షిఫ్టు నుంచి వచ్చాక పగలు పడుకోవడం మానేశాడని, మంట కనపడే కిటికీకి దుప్పటి కట్టాడని. ఆ పనివాడు అన్నాడు, “మాతో కూచుని తినడం మానేసి రెండు వారాలయిందండి.” ముగ్గురం మూడు ముక్కలు చూశాం. ముక్కలు కలిపిన వాడు లేడు. కలిపి ఉంటే పదిహేను రోజుల ముందే మూడో నంబరు సూచిక ఎగిరేది. ఎగరనందుకు మేము చెల్లించిన మూల్యం: ఇరవై మూడు రోజుల ఆసుపత్రి, వడ్డీకి తెచ్చిన అప్పు, గేటు పాసు పోవడం, ఎనిమిదో తరగతి చదివే మా మరదలు నెల రోజులు బడికి పోకపోవడం.

ఆ తరువాత నేను చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ, మా ఇంట్లో జరిగింది లోకంలో అందరికీ జరిగేదేనని తెలిసింది. 1999లో అమెరికాలో ప్రకటించిన ఒక అధ్యయనంలో మొదటిసారి ఈ జబ్బు చేసి కోలుకున్న వాళ్లను అయిదేళ్లు గమనించారు. వాళ్లలో సుమారు 82 శాతం మందికి ఒకసారైనా తిరగబెట్టింది. మందులు ఆపేసిన వాళ్లకు ఆ ప్రమాదం దాదాపు అయిదింతలు. అందుచేత మందు మానకపోవడమే మొదటి కాపలా. అందులో సందేహం లేదు. కానీ మందు మింగుతున్న వాళ్లకు కూడా ఒక్కొక్కసారి తిరగబెడుతుంది కనుక రెండో కాపలా కూడా కావాలి.

ఆ రెండో కాపలాకు పునాది 1980లోనే పడింది. హెర్జ్, మెల్‌విల్ అనే ఇద్దరు అమెరికాలో రోగులనీ కుటుంబ సభ్యులనీ అడిగారు: “జబ్బు తిరగబెట్టే ముందు మీకేమైనా మార్పు తెలిసిందా?” రోగుల్లో 70 శాతం మంది, కుటుంబ సభ్యుల్లో 93 శాతం మంది తెలిసిందన్నారు. నిద్ర తగ్గడం, తిండి తగ్గడం, ఊరికే దిగులు, చిరాకు, నలుగురిలోకి రాకపోవడం. 1989లో ఇంగ్లండులో మాక్స్ బర్చ్‌వుడ్, ఆయన సహచరులు వీటిని ఒక ప్రశ్నావళిగా కూర్చి, రోగి చేతా ఇంటి మనిషి చేతా విడివిడిగా పూర్తి చేయించారు. పిచ్చివాడికి తన పిచ్చి తెలియదని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. పదిమందిలో ఏడుగురికి తెలుస్తుందని నలభై అయిదేళ్ల కిందటే రుజువైంది. తెలిసిన దాన్ని చెప్పుకునే చోటు లేకపోవడమే అసలు కష్టం.

ఇది మా నాన్నకు చెబితే ఆయనకు చిటికెలో అర్థమయింది. వరికి దోమపోటు వస్తే పై ఆకులు చూస్తే ఏమీ తెలియదు. చేను పచ్చగానే ఉంటుంది. పైన కనపడేటప్పటికి చేలో గుండ్రంగా మాడిపోయి ఉంటుంది, అప్పుడు ఏ మందు కొట్టినా లాభం లేదు. అందుకే రైతు వంగి, దుబ్బును పక్కకు వంచి, మొదట్లో చూస్తాడు. తట్టి, నీళ్ల మీద పడ్డ దోమల్ని చూస్తాడు. “మొదలు సూసినోడికే పంట” అన్నాడు నాన్న. మనిషి విషయంలో మొదలంటే నిద్ర, తిండి, నలుగురితో మాట.

ఇప్పుడు ఫోను సంగతికి వద్దాం. ప్రశ్నావళి కాగితం మీద ఉంటే నింపేవాడికి బద్ధకం, చూసేవాడికి తీరిక లేదు. అదే ఫోనులో ఉంటే? చెక్ దేశంలో ప్రాగ్ నగరం డాక్టర్లు దాదాపు ఇరవై ఏళ్ల కిందటే ఈ పని మొదలుపెట్టారు. దాని పేరు ఇటారెప్స్. వారానికి ఒకసారి రోగికీ ఇంటి మనిషికీ ఎస్సెమ్మెస్ వెళుతుంది, పది ప్రశ్నలకు అంకెలతో జవాబివ్వాలి. అంకెలు గీత దాటితే డాక్టరుకు హెచ్చరిక పోతుంది. 2022లో ‘లాన్సెట్ సైకియాట్రీ’ పత్రికలో వచ్చిన ఎంపవర్ అనే ప్రయోగం గ్లాస్గో, మెల్‌బోర్న్ నగరాల్లో 73 మందితో జరిగింది. అందులో యాప్ రోజూ పలకరిస్తుంది. ఒకప్పుడు ఆ జబ్బు తామే అనుభవించిన వాళ్లు ఫోను చేసి మాట్లాడతారు. అది సాధ్యాసాధ్యాలు చూడడానికి చేసిన చిన్న ప్రయోగం గనక తిరగబెట్టడం తగ్గిందో లేదో దాంతో తేల్చలేం. కానీ ‘మళ్లీ వస్తుందేమో’ అనే భయం వాళ్లలో తగ్గింది. ఆ భయం ఎంతటిదో మా ఇంట్లో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన దేశమూ వెనకబడి లేదు. బెంగళూరు నిమ్‌హాన్స్, భోపాల్‌లో సంగాత్ సంస్థ, అమెరికాలో బోస్టన్ వైద్యులతో కలిసి ‘మైండ్‌ల్యాంప్’ అనే యాప్‌ను స్కిజోఫ్రీనియా ఉన్న వాళ్లతో వాడి చూశారు. ఇందులో ప్రశ్నలతో పాటు ఫోను తనంతట తాను కొన్ని గమనిస్తుంది: ఎంత తిరిగాడు, తెర ఎప్పుడు వెలిగింది, ఎప్పుడు ఆరింది. దాన్నిబట్టి నిద్రను అంచనా కడతారు. 2023లో ఫలితాలు ప్రకటించారు. ఎవరి మామూలు తీరుతో వాళ్లనే పోల్చి చూస్తే, తిరగబెట్టడానికి ముందు నెలలో తేడాలు రెండింతలకు పైగా కనపడ్డాయి.

ఇదంతా చదివేసరికి నాకు తల తిరిగింది. సైన్సు విద్యార్థిని కదా, ఊరుకుంటానా? మావయ్య ఇంటికొచ్చిన నెలకే ఫోనులో నేనే ఒక ఫారం తయారుచేశాను. పది ప్రశ్నలు, రోజూ రాత్రి తొమ్మిదింటికి. ‘ఈ రోజు మీకు ఎవరిమీదైనా అనుమానం కలిగిందా? సున్నా నుంచి మూడు వరకు అంకె వేయండి.’ జవాబులు నాకూ అత్తకూ వచ్చేటట్లు పెట్టాను. అంతటితో ఆగలేదు. ఆయనకు చెప్పకుండా ఆయన ఎక్కడున్నదీ నా ఫోనులో కనపడేటట్లు కూడా చేశాను. మంచికే కదా అనుకున్నాను.

పంతొమ్మిదో రోజున ఆయనకు అది తెలిసిపోయింది. కోప్పడలేదు. ఫోను నా పుస్తకాల మీద పెట్టి అన్నాడు: “అల్లుడూ, నాను రోగినా, దొంగనా? ఎవులో నన్ను సూస్తన్నారనే కదా నా జబ్బు. ఇప్పుడు నిజంగానే సూస్తన్నావు గదరా.”

నాకు నోట మాట రాలేదు. ఆ తరువాత నాలుగు రోజులు ఆయన ఫోనుతో పాటు మాత్రలూ ముట్టుకోలేదు. అత్త బతిమాలి మళ్లీ వేయించింది. జబ్బు రాకుండా చూడాలని బయలుదేరిన వాణ్ణి, జబ్బుకు నేనే తలుపు తీయబోయాను. ఈ సంగతి అచ్చులో చెప్పుకోవడం సిగ్గుగానే ఉంది. అయినా చెబుతున్నాను, ఎందుకంటే రేపు ఏ కంపెనీ అయినా, ఏ ప్రభుత్వమైనా సరిగ్గా ఇదే పొరపాటు వేలమంది మీద చేయవచ్చు.

రెండో పాఠం లెక్కల్లో నేర్చుకున్నాను. ముందస్తు లక్షణాల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2013లో ఒక సమీక్ష వచ్చింది. నిజంగా తిరగబెట్టబోయే వాళ్లను ఈ లక్షణాలు పట్టుకోగలిగిన శాతం ఒక్కో పరిశోధనలో 10 నుంచి 80 దాకా ఉంది, మధ్యస్థం 61. తిరగబెట్టని వాళ్లను ‘ఫరవాలేదు’ అని సరిగ్గా చెప్పిన దాని మధ్యస్థం 81. ఈ అంకెలు తీసుకుని ఊహకు ఒక లెక్క వేద్దాం. మన దగ్గర నూరుమంది ఉన్నారనుకోండి. ఈ నెలలో అందులో నలుగురికి నిజంగా తిరగబెట్టబోతోంది అనుకోండి. నలుగురిలో ఇద్దరు ముగ్గురి దగ్గర గంట మోగుతుంది. మిగతా తొంభై ఆరుగురిలో పద్దెనిమిది మంది దగ్గర కూడా మోగుతుంది. అంటే నెలకు ఇరవై, ఇరవై ఒక్క గంటలు మోగితే అందులో నిజమైనవి రెండో మూడో!

ఈ లెక్క చూసి, ‘అయితే ఈ ఫోన్లు దండగ’ అనేవాళ్లుంటారు. నేననను. తుపాను సూచిక ఎగిరిన ప్రతిసారీ తుపాను మన ఒడ్డునే దాటుతుందా? దాటదు. అయినా తెప్ప లాగడం దండగ అని ఏ జాలరీ అనడు. ఎందుకంటే తెప్ప లాగితే పోయేదేమీ లేదు, ఒక పూట కష్టం తప్ప. ఇక్కడే కీలకమంతా ఉంది. గంట మోగగానే చేసే మొదటి పని తేలికైనదై ఉండాలి, అబద్ధపు గంట అయినా హాని చెయ్యనిదై ఉండాలి. గంట మోగిన ప్రతివాడికీ సూది మందు పొడిచి పడుకోబెడితే, నిజం కాని పద్దెనిమిది మంది మళ్లీ జన్మలో ఆ ఫోను ముట్టుకోరు. అదే ఒక మనిషి ఫోను చేసి, “ఏం బాబూ, నిద్ర పట్టట్లేదా? ఇంట్లో ఏమైనా జరిగిందా?” అని పావుగంట మాట్లాడితే నష్టమేమిటి? ఇరవై ఒక్క గంటలకు పావుగంట చొప్పున నెలకు అయిదుంపావు గంటల పని. నూరుమందికి కాపలా కాయడానికి ఒక మనిషికి నెలలో ఒక పూట కాస్త ఎక్కువ!

కానీ ఆ ఒక్క మనిషి ఉండాలి. లేకపోతే ఏమవుతుందో ప్రాగ్ వాళ్ల అనుభవమే చెప్పింది. మొదట బాగా పనిచేసినట్లు కనపడ్డ ఇటారెప్స్‌ను తరువాత గట్టిగా పరీక్షించినప్పుడు ఆశించిన ఫలితం రాలేదు. దానికి చెప్పిన ముఖ్య కారణం వినండి: హెచ్చరికలు వెళ్లాయి, అందుకున్న డాక్టర్లు చాలాసార్లు అనుకున్న ప్రకారం స్పందించలేదు. యంత్రం తన పని చేసింది, మనిషి చేయలేదు. ఈ పాఠం మన ఊరికి కొత్తదా? 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్ముకున్నప్పుడు ఫ్యాక్టరీలో సైరన్ ఉండీ మోగలేదని విచారణ కమిటీ తేల్చింది. మోగని సైరన్ ఎంతో, మోగినా ఎవరూ లేవని సైరన్ కూడా అంతే.

మా ఇంటికి కూడా ఈ పాఠం నడిచి వచ్చింది. ఫోను గొడవ జరిగిన రెండు నెలలకు మావయ్యే నన్ను పిలిచాడు. “నాకు ఎలాగొస్తాదో నీకేటి తెలుసు? నాను సెప్తాను రాసుకో” అన్నాడు. నా పది ప్రశ్నలూ తీసేసి నాలుగే పెట్టాడు. ఒకటి, డ్యూటీ నుంచి వచ్చాక పడుకోకపోవడం. రెండు, కేరేజీ రెండోసారి కడగబుద్ధి కావడం. మూడు, తోటివాళ్లతో తినబుద్ధి కాకపోవడం. నాలుగు, కిటికీలో మంట తనవంక చూస్తున్నట్టుండడం. ఏ పుస్తకంలోనూ ఈ నాలుగోది దొరకదు. మల్కాపురంలో ఉండేవాడికే తెలుస్తుంది. ఆదివారం మాత్రం ఫోను తనే అడుగుతుంది; మిగతా రోజుల్లో ఏదైనా తోస్తే ఆయనే నొక్కుతాడు. ఒకటి నొక్కితే తన స్నేహితుడికి, రెండు నొక్కితే అత్తకు, మూడు నొక్కితే ఆసుపత్రికి చెప్పాలని ఆయనే వరస పెట్టాడు. నాకు రావాలా అని అడిగితే, “నువ్వు పరీచ్చలకి సదువుకో” అన్నాడు.

ఆ వేసవిలో ఒక రాత్రి మూడు నొక్కాడు. అత్త నన్ను లేపింది. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన నంబరుకు చేశాం. మోగింది, మోగింది, ఎవరూ తీయలేదు. పొద్దున్నా తీయలేదు. రెండు బస్సులు మారి వెళితే ఓపీలో చీటీ అయిపోయింది, రేపు రమ్మన్నారు. చేతిలో పంథొమ్మిది ప్రయోగశాలలంత తెలివైన ఫోనుంది, అవతలి కొసన మనిషి లేడు. మర్నాడు డాక్టరు చూసి మందు కొంచెం మార్చారు. ఆయన స్నేహితుడు ఎవరికీ కారణం చెప్పకుండా తన పగటి షిఫ్టు ఆయనకిచ్చి, తను రాత్రి షిఫ్టు తీసుకున్నాడు. మూడు రాత్రులు నిద్ర పట్టింది. కిటికీ దుప్పటి లేకుండానే ఉంది. అది నిజంగా తిరగబెట్టబోయిందో, ఊరికే మోగిన గంటో మాకు ఎప్పటికీ తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. తెప్ప ఒడ్డుకు లాగాం, అంతే.

కాబట్టి ఈ పని మన పేటల్లో చేయాలనుకునే పెద్దలకు నేను చెప్పదలచుకున్నవి ఇవి.

మొదటిది, లక్షణాలు ఆ మనిషి మాటల్లోనే ఉండాలి. ఇంగ్లీషు ప్రశ్నలు తర్జుమా చేసి పెడితే మా వైపు వాళ్లకు పరీక్ష పేపరులా ఉంటుంది. చదవడం రాని వాళ్లున్నారు, బటన్ల ఫోన్లున్నాయి, ఇంటికంతా ఒకే ఫోనున్న వాళ్లున్నారు. వాళ్లకు తెలుగులో పలకరించి, అంకె నొక్కమనే ఫోను కాల్ చాలు. అదీ లేకపోతే గోడ మీద క్యాలెండరు చాలు.

రెండోది, ఆ సమాచారానికి యజమాని రోగే. ఎవరు చూడాలో, ఎప్పుడు ఆపాలో ఆయన ఇష్టం. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కునిచ్చింది. తనకు జబ్బు ముదిరినప్పుడు ఎలా చూడాలో, ఎలా చూడకూడదో బాగున్నప్పుడే రాసి పెట్టుకునే హక్కు కూడా ఇచ్చింది. ఈ రెండో హక్కు సంగతి మా వీధిలో ఒక్కరికీ తెలియదు. ఫోనులో పెట్టుకునే లక్షణాల పట్టికా, ఆ ముందస్తు కాగితమూ ఒకేచోట, ఒకే రోజు రాయించవచ్చు.

మూడోది, ఈ వివరాలు కాంట్రాక్టరు చెవిన పడకూడదు. గేటు పాసుతో బతికే వాడికి ఆ ఒక్క భయం చాలు, ఫోను నొక్కకుండా ఉండడానికి.

నాలుగోది, అన్నిటికంటె ముఖ్యమైనది, అవతలి కొసన మనిషి. ఆ మనిషి డాక్టరే కానక్కర్లేదు. తమిళనాడు, గోవా, సతారాలలో 282 మందితో జరిపిన ప్రయోగం 2014లో ‘లాన్సెట్’లో వచ్చింది. శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి తోడ్పడితే, ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందుకున్న వారికన్నా వీళ్లు కొంత మెరుగయ్యారు. మన పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో నర్సులున్నారు, ఆశా కార్యకర్తలున్నారు. వాళ్లకు ఇప్పటికే మోయలేనంత పని ఉందని నాకు తెలుసు. అందుకే నెలకు ఆ అయిదారు గంటలకూ విడిగా జీతం కట్టి, వెనక ఒక డాక్టరును పెట్టి, ‘ఒక్క రోజులోపు పలకాలి’ అనే నియమంతో అప్పగించాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరుంది; మన భాషలో మాట్లాడవచ్చు. అది మంచి ఏర్పాటు. కానీ అది మనం పిలిస్తే పలుకుతుంది. జబ్బు ముసురుకుంటున్న మనిషి పిలవడు, మూల కూర్చుంటాడు. మన దగ్గర పేరు తెలిసిన మనిషి ఉండి, తనే పలకరించాలి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. నా మిత్రుడొకడు, “రోజూ అడిగితే బాగున్నవాడికి కూడా జబ్బే గుర్తుంటుంది కదా” అన్నాడు. నిజమే. అందుకే బాగున్న నెలల్లో వారానికొకసారి చాలంటున్నాను. ఇంకొకడు, “అనుమానమే జబ్బయిన వాడికి ఫోను ఇంకా అనుమానం పెంచదా?” అన్నాడు. పెంచుతుంది, నేనే పెంచాను. అలాంటి వాళ్లకు ఫోను వద్దు, కాగితం ఇవ్వండి, అదీ వద్దంటే మనిషినే పంపండి. డాక్టర్లు, పడకలు, మందులు చాలని చోట ఫోన్ల మీద డబ్బు పోయడం ఏమిటని మా అధ్యాపకులొకరు అడిగారు. డాక్టరుకు బదులు ఫోను అంటే నేనూ ఒప్పుకోను. డాక్టరు దాకా పదిహేను రోజుల ముందు తీసుకెళ్లే దారిగా అయితేనే అది కావాలి.

చివరగా తోటి విద్యార్థులకు ఒక మాట. మన క్యాంటీనులో ఎవడైనా వింతగా మాట్లాడితే, “వీణ్ణి చినవాల్తేరు పంపించాలిరా” అని నవ్వుతాం. నేనూ నవ్విన వాణ్ణే. ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది మన వయసులోనే. ఆ నవ్వు విన్నవాడు తనకు మొదటి గంట మోగినప్పుడు ఎవరికి చెప్పుకుంటాడు? నవ్వడం మానడానికి గ్రాంటు అక్కర్లేదు. వచ్చే ఏడాది ఎన్.ఎస్.ఎస్. క్యాంపు మల్కాపురంలో పెట్టమని, కంప్యూటరు చదివే మిత్రులు మా మాండలికంలో పలకరించే ఒక చిన్న ఫోను ఏర్పాటు తయారుచేయమని, మనస్తత్వ శాస్త్ర విద్యార్థులు ఇళ్లకు వెళ్లి వాళ్లు చెప్పేది వినమని విద్యార్థి సంఘాన్ని కోరుతున్నాను. ఒక్క షరతు: ఎవరి అనుమతీ లేకుండా ఎవరినీ గమనించవద్దు.

ఈ వ్యాసాన్ని మావయ్యకు చదివి వినిపించాకే ఇస్తున్నాను. ఆయన పేరు వద్దన్నాడు, సంగతి రాయమన్నాడు. మొన్న గురువారం రాత్రి ఆయన ఫోను బల్ల మీద ఉంటే నా కళ్లు దాని మీదికే పోతున్నాయి. ఆయన చూశాడు. “ఏటి సూస్తన్నావు? బాగున్నప్పుడు నొక్కక్కర్లేదని నానే గదా పెట్టాను. పడుకో అల్లుడూ, నానూ పడుకుంటాను” అని దీపం ఆర్పాడు.